నానని సూది

సోమమ్మ దవాఖాన వెనక వరండాలో, బండల మీద చచ్చిపోయింది. లోపల మంచాలు లేక కాదు. ఆడవాళ్ల వార్డులో గోడవారన రెండు మంచాలు ఖాళీగానే ఉన్నాయి. దవాఖానలో కూలికి పనిచేసే మనిషిని మంచం ఎక్కించాలంటే పెద్ద డాక్టరు సంతకం కావాలి. పెద్ద డాక్టరు నల్లగొండ మీటింగుకు పోయాడు. ఆమె ఒళ్లంతా పసుపు రాసినట్టుంది. కండ్లలో తెలుపన్నది మిగలలేదు.

మేము చుట్టూ నిలబడి ఉన్నాం. ఇంకా ఎవరూ గొంతెత్తి ఏడవలేదు. మాకు పనులు చెప్పే జమేదారు కాటమయ్య లోపలినుంచి వచ్చాడు.

"ఏడ్సుడు ఎనక. లోపల ట్రే నిండింది. గుర్వమ్మా, ఇయ్యాల్టి సంది తొట్టి నీది."

"శవం ఇంకా లేవలే కాటమన్నా" అన్నది గుర్వమ్మ.

"శవం యాడికీ పోదు. సూదులల్ల రక్తం ఎండితె గట్టిపడ్తది. మల్ల నువ్వే సతమతమైతవు."

గుర్వమ్మ కొంగు నడుముకు దోపి తొట్టి దగ్గర కూచుంది. అక్కడినుంచి చూస్తే సోమమ్మ పాదాలు కనబడతాయి. ట్రే మోసుకొచ్చి ఆమె ముందర పెట్టింది నేనే. వార్డులకూ ల్యాబుకూ తొట్టికీ నడుమ ట్రేలు మోయడమే నా పని. అందుకే ఇదంతా నా కండ్లతో చూశాను. మిల్లుల్లో పనిచేసేవాళ్లూ హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలూ వినాలని చెబుతున్నాను.

మాది ఎర్రగుట్టపేట దవాఖాన. నవాబు కాలంలో కట్టిన రాతి బిల్డింగు. ల్యాబు అంటే వరండా కొసన మూడు గదులు. మొదటి గదిలో రక్తం తీస్తారు. అహ్మద్ అలీ సాబు రోగి జబ్బకు రబ్బరు గొట్టం బిగించి, పిడికిలి మూయమని, మోచేతి మడతలో వేలితో నరం తడిమి, స్పిరిటు దూదితో తుడిచి సూది గుచ్చుతాడు. రెండో పోటు పొడిచిన రోజు తక్కువ. పేటలో ఆయన్ను నరాల సాబు అంటారు. రెండో గదిలో ఉచ్చా దొడ్డీ చూస్తారు. మూడోదాంట్లో క్షయ రోగుల తెమడను గాజు పలకల మీద రాసి దుర్భిణిలో చూస్తారు. లోపల ఎవరి గది వాళ్లది. ఒక బల్ల మీది సీసా ఇంకో బల్ల మీదికి పోతే సాబులు కొట్లాడుకుంటారు. అదే వెనకకు వచ్చేసరికి తొట్టి ఒక్కటే. రక్తం సీసాలు, ఉచ్చ సీసాలు, తెమడ డబ్బాలు, వార్డులనుంచి వచ్చిన సిరంజిలు, సూదులు అన్నీ ఆ రాతి తొట్టిలోనే పడతాయి.

అక్కడ ఆడవాళ్లు కుంకుడు రసం, బూడిద పెట్టి ఉత్త చేతులతో కడుగుతారు. సూదిలోకి సన్న తీగ దూర్చి గడ్డకట్టిన రక్తాన్ని తోస్తారు. ఆ తర్వాత సూది మొదలు పెదవుల నడుమ పెట్టి ఊదుతారు. కొసనుంచి నీటిబొట్టు దూకితే సూది సాఫు అయినట్టు. ఈ పద్ధతి వాళ్లకెవరూ నేర్పలేదు. పొయ్యి దగ్గర ఊదుగొట్టం ఊదే నోరే ఇక్కడ సూదినీ ఊదింది. వేలికి గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకొని చీకి ఉమ్మేస్తారు. చేన్లో ముల్లు గుచ్చుకున్నా అంతే చేస్తారు కదా. ఇదీ అలాంటిదే అనుకున్నారు. అన్నీ కడిగాకనే ఉడకబెట్టే డబ్బాలోకి పోతాయి. ఉడకబెట్టేది రోగి కోసం. ఉడకకముందు ముట్టుకునే చెయ్యి ఎవరిదో, దానికేమవుతుందో దవాఖానలో ఎవరికీ పట్టలేదు.

సోమమ్మను మట్టిచేసిన సాయంత్రం మేమంతా కల్లు కంపౌండులో కూచున్నాం. ఆడవాళ్లూ వచ్చారు. ముసలి పెద్దులవ్వ, గాలి సోకిందన్నది.

"గాలి తొట్టి కాడనే ఈస్తదా అవ్వా" అన్నాడు ఇస్రాయేలు. మగవాళ్ల వార్డులో వార్డుబాయ్. బడిలో ఏడు దాకా చదివాడు. మా సంఘానికి కాగితాలు రాసేది అతనే. "ఎల్లమ్మ పోయింది, బాలమ్మ పోయింది, ఇయ్యాల సోమమ్మ. ముగ్గురు తొట్టి కాడోళ్లే."

"గలీజుతోని వచ్చింది" అన్నాడు ఇంకొకడు.

అప్పటిదాకా ముంత ముందర పెట్టుకొని తలవంచుకున్న పర్వతాలు తల ఎత్తాడు. పాయఖానాలు ఎత్తే మనిషి. "గలీజుతోని రోగమొస్తె ముందుగాల నాకు రావాలె గదరా. మా తాత సంది గదే మోస్తున్నం. నాకేమైంది? దున్నపోతు లెక్క ఉన్న. నా పెండ్లాం గూడ గదే అంటది."

కొందరు నవ్వారు.

"మరి నీళ్లా?"

"అందరం తాగేది ఒక్క బాయి నీళ్లే. నీళ్లతోనైతె పేటంతా పండుకోవాలె."

ఇట్లా ఒక్కొక్కటీ పక్కకు పోయింది. గాలి కాదు, నీళ్లు కాదు, మలం కాదు. చివరికి అందరూ గుర్వమ్మ చేతుల వంక చూశారు. ఆమె చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని కూచుంది. వేళ్ల కొసలు చీమలు కుట్టినట్టు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి.

ఇస్రాయేలు పోయి అహ్మద్ అలీ సాబును పిలుచుకొచ్చాడు. ఆయన కంపౌండు లోపలికి రాలేదు. సైకిలు పట్టుకొని కంచె అవతల నిలబడ్డాడు.

"నేనీడికొచ్చిన్నని ఎవ్వరికీ చెప్పకుండ్రి."

"చెప్పం సాబ్. ఒక్క మాట చెప్పుండ్రి. రోగం సూదిలకెల్లి వస్తదా?"

ఆయన సైకిలు గంట మీద బొటనవేలు రాశాడు. "రోగం కామెర్లున్నోని రక్తంల ఉంటది. గా రక్తం సూదిల ఉంటది. గుచ్చుకుంటె మీకొస్తది. నోట్ల పెట్టుకుంటె ఇంకేం చెప్పాలె. నేను హైదరాబాదుల చదువుకున్నప్పుడు చెప్పిండ్రు."

"చెప్పినంక మాకు చెప్పలేదేంది సాబ్?" అన్నది గుర్వమ్మ.

"ఎవరూ అడగలే గదమ్మా."

"నువ్వు గూడ గాజు గొట్టంతోని రక్తం నోటితోనే గుంజుతవ్ గద సాబూ" అన్నాడు పర్వతాలు. "మా ఆడోళ్లు ఊదుతరు, నువ్వు గుంజుతవ్. గంతే ఫరక్."

అహ్మద్ అలీ నవ్వలేదు. "ఔ. గంతే ఫరక్" అన్నాడు.

"అయితె ఉడకబెట్టినంకనే మాకియ్యిండ్రి."

"రక్తంతోని ఉడకబెడ్తె గుడ్డు లెక్క గట్టిపడ్తది. సూది మూసుకపోతది. ముందుగాల లైసాలు, గదే పురుగుల్ని చంపే మందు, కలిపిన నీళ్లల్ల నానాలె. తీసిన బల్ల కాడనే బకెట్టు పెట్టాలె. సూది రోగి చేతిలకెల్లి సీదా బకెట్ల పడాలె. నానినంకనే మీరు ముట్టాలె. రోగమంత చావదేమో గాని, చానా తగ్గుతది. చేతులకు రబ్బరు తొడుగులుంటె ఇంకా మంచిది."

"గింతేనా?"

"గింతే."

"గింత చిన్నదానికి ముగ్గురు పోయిండ్రా" అన్నది గుర్వమ్మ. ఆమె ఏడవలేదు. లేచి ఇంటికి పోయింది.

మా సంఘం పుట్టింది ఆ కంచె దగ్గర. అంతకుముందు సంఘమంటే ఒక రబ్బరు ముద్ర, ఇస్రాయేలు జేబులో.

తెల్లారి అందరం పెద్ద డాక్టరు గది ముందర నిలబడ్డాం. పెద్ద డాక్టరు కృష్ణా నది అవతలినుంచి వచ్చినాయన. చేతి పని మంచిదని పేరు. ఆ రోజుల్లో పాకిస్తానుతో యుద్ధం జరుగుతోంది. బల్ల మీద రేడియో సన్నగా వినబడుతోంది.

"దేశం యుద్ధంలో ఉంది. గాయపడిన జవాన్లకే మందులు చాలడం లేదు. మీకు లైసాలూ, చేతి తొడుగులూనా? ఉన్న కాస్తా ఆపరేషన్ గదికే సరిపోవట్లేదు."

"ముగ్గురు చచ్చిండ్రు సార్" అన్నాడు ఇస్రాయేలు.

"మీ వాళ్లు పొద్దూకితే కల్లు తాగుతారు. లివరు పాడవక ఏమవుతుంది?"

"తొట్టి కాడ లేనోళ్లు గూడ తాగుతరు సార్" అన్నది గుర్వమ్మ వెనకనుంచి. "జమేదారు మాకంటె రెండు ముంతలు ఎక్కువనే తాగుతడు. ఆయనకేం గాలే."

ఎవరో కిసుక్కుమన్నారు. కాటమయ్య ముఖం మాడింది. డాక్టరు గంట కొట్టి మమ్మల్ని బయటికి పంపించాడు.

బయటికి వచ్చాక కొట్లాడుకున్నాం. పైకి అర్జీ పెడదామన్నారు కొందరు. అర్జీ పోయి వచ్చేలోపల ఇంకో సోమమ్మ అవుతుందన్నారు ఇంకొందరు. మాటలు సాగుతూనే ఉన్నాయి. గుర్వమ్మ పోయి తొట్టి గట్టు మీద కూచుంది. నేను తెచ్చిన ట్రేను కాలితో పక్కకు జరిపింది. "మందుల నానని సూది నేను ముట్ట" అన్నది. తక్కిన ఇద్దరాడవాళ్లూ వచ్చి ఆమె పక్కన కూచున్నారు. పర్వతాలు చీపురూ గంపా తెచ్చి అక్కడే పెట్టాడు. ఒక్కొక్కరే అందరం కూచున్నాం.

ఒక ట్రే మీద ఇంకో ట్రే ఎక్కింది. ఈగలు ముసిరాయి. మధ్యాహ్నానికి వార్డులలో సాఫు సూది లేకుండా పోయింది. లోపలినుంచి నర్సమ్మలు తొంగి చూసి పోతున్నారు. పొద్దు వాలకముందే కాటమయ్య ఒక బకెట్టు మోసుకొచ్చి ల్యాబు గడప దగ్గర దించాడు. తెల్లటి, పాలలాంటి నీళ్లు. ఘాటుగా ఫినాయిలు వాసన.

"ఇగో మీ మందు. పెద్ద సారు తెప్పిచ్చిండు. కండ్లు సల్లవడ్డయా?"

ఆ సాయంత్రం పేటలో డప్పు మోగింది. పెద్దులవ్వ కూడా రెండడుగులు ఆడింది. పర్వతాలు అందరికీ కల్లు పోయించాడు. "బకెట్టుకు మొక్కుండ్రి రా" అన్నాడు.

గెలిచామనుకున్నవాళ్లు కూచుని మాట్లాడుకోవడం మానేస్తారు. మేమూ మానేశాం. రోజూ సూదులు బకెట్టులో పడేవి, నానేవి, తొట్టికి వచ్చేవి. మందులో నానింది కదా అని ఆడవాళ్లు మునుపటికంటే ధీమాగా కడిగారు, ధీమాగా ఊదారు. అదే మమ్మల్ని చంపింది.

దసరా ముందర ఇండ్లకు సున్నాలు వేస్తున్న రోజులవి. గుర్వమ్మ అరచేతులు పగిలాయి. సబ్బునీళ్లకు పగిలినట్టు కాదు, గీరుకుపోయి మంట. ఒక పొద్దున బకెట్టులో నీళ్లు ఒంచితే అడుగున తెల్లటి ముద్ద పేరుకొని ఉంది. ఆమె దాన్ని వేలితో తీసి తక్కిన ఇద్దరికీ చూపించింది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోడలకు పూసేవాళ్లు, దిష్టి తీసేవాళ్లు, ఆకులో నమిలేవాళ్లు. వాళ్లకు అదేమిటో చెప్పాల్సిన పనిలేదు. ఒకామె కొంగు ముడిలోంచి పసుపు తీసి ఆ ముద్ద మీద చిలకరించి నీళ్లు పోసి కలిపింది.

బకెట్టులో నీళ్లు నెత్తురులాగా ఎర్రబడ్డాయి.

సున్నం. పైన వాసనకు రెండు చుక్కల ఫినాయిలు.

వాళ్లు ఆ బకెట్టును అట్లాగే వరండా నడుమకు తెచ్చి పెట్టారు. అందరూ చుట్టూ మూగారు. అహ్మద్ అలీ వచ్చి చూశాడు, వాసన చూశాడు, లోపలికి పోయి తన గది తలుపు వేసుకున్నాడు. కాటమయ్యను పర్వతాలు రెక్క పట్టుకొని లాక్కొచ్చాడు.

"నన్నేం జెయ్యమంటరు?" అన్నాడు కాటమయ్య. "మందు రాలే. ఖాళీ బకెట్టు పెడ్తె మీరు ఊకోరు. మీరు ఊకోకుంటె నా కొలువు పోతది. మీ కడుపు మీకెట్లనో నా కడుపు నాకట్లనే."

"మా పానాలు సున్నంల నానబెట్టినవ్ గదరా" అన్నాడు పర్వతాలు. అతని చెయ్యి లేచింది. ఇస్రాయేలు పట్టుకొని ఆపాడు.

"ఈన్ని కొడ్తె ఏమొస్తది. సున్నం కలిపింది ఈడైనా మందు ఆపింది ఈడు కాదు. మందు ఇయ్యనోని ముంగట కూచుందాం."

ఆ రోజునుంచి తొట్టి ఎండింది. మేమంతా పని వదిలి దవాఖాన గేటు దగ్గర కూచున్నాం. నర్సమ్మలు ఉన్న కొన్ని సూదుల్ని తామే కడుక్కున్నారు. రెండు రోజులకు వాళ్లకూ చేతకాలేదు. ఇంజెక్షన్లు ఆగాయి, రక్తం తీయడం ఆగింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడం కష్టం. ముందు మమ్మల్ని కొట్టింది పోలీసులు కాదు.

తిరుమలగిరి దిక్కునుంచి, గుట్టల మీది తండాలనుంచి జనం బండ్లలో రోగులను వేసుకొని వస్తారు. ఎక్కడో ఎద్దును అమ్మి వస్తారు. వచ్చినవాళ్లకు లోపల ఒకటే జవాబు: "సూదులు లేవు. గేటు దగ్గర కూచున్నవాళ్లను అడగండి." ఒక గొర్లకాపరి, భార్యను భుజాన వేసుకొని వచ్చాడు. ఆమె జ్వరంతో కలవరిస్తోంది.

"మీ పాడుగాను. బకెట్టు లొల్లి ఏందే మీది? నా పెండ్లాం చస్తాంది."

"నీ పెండ్లానికి గుచ్చిన సూదే మాకు గుచ్చుకుంటది తమ్మీ" అన్నది గుర్వమ్మ.

"మీకు గుచ్చుకుంటె నాకేంది? నేను గుచ్చమన్ననా?"

జనం అతని వెనక నిలబడ్డారు. వాళ్ల ముఖాలు మా ముఖాలలాగానే ఉన్నాయి. అవే పగిలిన పాదాలు, అవే గొంగళ్లు. ఇస్రాయేలు లేచి చెప్పబోయాడు. సంఘమనీ హక్కనీ అతను అంటుండగానే ఒక రాయి వచ్చి కనుబొమ్మ మీద తగిలింది. ఎవరు విసిరారో మేము చూడలేదు. చూడాలనీ అనిపించలేదు.

గుర్వమ్మ లేచి లోపలికి పోయింది. ట్రేలోంచి ఒక సిరంజి, ఒక సూది తీసి, నోట్లో పెట్టుకోకుండా కడిగి, డబ్బాలో వేసి, పొయ్యి ముట్టించి కూచుంది. ఉడికాక నర్సమ్మ చేతికి ఇచ్చింది. "గా జ్వరమామెకు పెట్టుండ్రి" అన్నది. కాటమయ్య వెంటనే మొత్తం ట్రే తెచ్చి ఆమె ముందర దించాడు. "ఒక్కటి కడిగిన చేతికి అన్ని కడగొస్తది."

ఆమె లేచి గేటు దగ్గరికి తిరిగి వచ్చింది. మావాళ్లలో కొందరు ఆమెతో మాట్లాడలేదు. సమ్మె మధ్యలో సూది కడుగుతావా అన్నారు. గొర్లకాపరి భార్యకు సూది పడ్డాక మమ్మల్ని చూడకుండా గేటు దాటిపోయాడు.

మర్నాడు పోలీసు లారీ వచ్చింది. యుద్ధకాలపు చట్టం ఒకటుంది, దేశ రక్షణది. దాని కింద ఎవర్ని ఎందుకు పట్టుకున్నారో పోలీసులు చెప్పనక్కర్లేదు. "దవాఖాన ఆపుడంటె దేశంతోని కొట్లాడుడే" అన్నాడు అమీను, ఠాణా పెద్ద.

"మేం బకెట్టే అడిగినం సారూ, కాశ్మీరం అడగలే" అన్నాడు పర్వతాలు. అందుకు అతనికి రెండు పళ్లు పోయాయి.

ఇస్రాయేలును దూరపు జైలుకు పంపించారు. ఎక్కడికో చాలా రోజులు మాకు తెలియలేదు. పర్వతాలునూ నన్నూ గుర్వమ్మనూ ఇంకొందరినీ తాలూకా జైల్లో వేశారు. సంఘం ముద్రను అమీను బూటుతో తొక్కాడు. జైల్లోనే గుర్వమ్మ కండ్లు పచ్చబడ్డాయి. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటే కక్కుకునేది. జైల్లో చస్తే తమ మీదికి వస్తుందని ఆమెను ముందుగా వదిలారు. కొన్నాళ్లకు మమ్మల్నీ వదిలారు. బయటికి వచ్చేసరికి మాలో ఎవరికీ కొలువు లేదు.

ఆ ఏడు వానలు పడలేదు. అమ్రాబాద్ అంచు పల్లెలనుంచి జనం మూటలు కట్టుకొని పనులకు వెళ్లిపోతున్నారు. కాటమయ్య బస్టాండు దగ్గర నిలబడి నలుగురాడవాళ్లను తెచ్చాడు. మా తొట్టి మళ్లీ తడిసింది.

వాళ్లను తన్ని తరమాలన్నాడు పర్వతాలు, పళ్లులేని నోటితో. మాలో చాలామంది అదే అన్నారు. గుర్వమ్మ ఒక్కతే వద్దన్నది. నన్ను తోడు తీసుకొని దవాఖాన వెనక ముళ్లకంచె దగ్గరికి పోయింది. నడవలేక రెండు చోట్ల కూలబడింది. కంచె అవతల చంకలో పసిపిల్లను పెట్టుకొని ఒకామె సూదులు కడుగుతోంది. పేరు సత్తమ్మ.

"చెల్లె" అన్నది గుర్వమ్మ.

ఆమె పిల్లను గట్టిగా పట్టుకుంది. "మమ్ముల ఎల్లగొట్టొచ్చినవా అక్కా? జమేదారు చెప్పిండు, పాతోళ్లొస్తరని."

"లేదు. నువ్వు పనిచేసుకో. గా సూది నోట్ల పెట్టుకోకు. వేలుకు గుచ్చుకుంటె చీకకు. నన్ను సూడు."

సత్తమ్మ చూసింది. చాలాసేపు చూసింది.

"ఊదకుంటె సాఫయిందని ఎట్ల ఎరుకక్కా? జమేదారు తన ముంగటనే ఊది చూపియ్యమంటడు. చూపియ్యకుంటె పొమ్మంటడు. ఊర్ల తాగనీకి గట్క గూడ లేదు. ఈ పిల్ల ఎనక ఇంకిద్దరున్నరు."

గుర్వమ్మ ముళ్లకంచె మీద చెయ్యి పెట్టింది. "పిల్లను తొట్టి కాడికి తేకు" అని మాత్రం అన్నది.

సంక్రాంతి పోయాక గుర్వమ్మ మంచం పట్టింది. పేటలోని వాళ్లం బండిలో వేసి దవాఖానకు తెచ్చాం. ఈసారి ఆమెకు వార్డులో మంచం దొరికింది. కొలువులోంచి తీసేశారు కనుక మామూలు రోగి. మామూలు రోగికి పెద్ద డాక్టరు సంతకం అక్కర్లేదు.

నాకు కొలువు లేకున్నా మంచినీళ్లు అందించడానికని ఆమె దగ్గరే కూచున్నాను. ఆ వార్డులో మంచాలన్నీ నిండాయి. కొందరు నేలమీద చాపల మీద ఉన్నారు. అందరూ మమ్మల్ని ఎరిగినవాళ్లే. గేటు దగ్గర మాతో కొట్లాడిన ఊళ్లవాళ్లే. మొదట్లో ముఖాలు అవతలికి తిప్పుకున్నారు. రెండో రోజు పక్కమంచం మీది ఖాతూన్, చీరలకు రంగులద్దే ఇంటి మనిషి, అడిగింది.

"నువ్వేనా అక్కా, సూదులు కడగనని కూసున్నది?"

"నేనే."

"కడిగితెనే గిట్లయిందా?"

"కడిగితెనే."

ఖాతూన్ తన మోచేతి మడతలో నిన్నటి సూది గుర్తు వంక చూసుకుంది. "మరి నాకు గుచ్చింది గూడ ఎవరో ఒకామె కడిగిందే గద" అన్నది. ఆ తర్వాత గుర్వమ్మ ఆమెకు తొట్టి గురించి చెప్పింది. ఆయాసపడుతూ, ఆగి ఆగి చెప్పింది. బకెట్టు గురించి, సున్నం గురించి. చుట్టూ మంచాలవాళ్లు వింటున్నారని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు రౌండుకు వచ్చాడు. ఆయన చెడ్డవాడని నేననను. గుర్వమ్మ కండ్ల రెప్పలు ఎత్తి చూశాడు, కడుపు నొక్కి చూశాడు. రక్తం తీసి పరీక్ష చేయమన్నాడు. అహ్మద్ అలీ ట్రే పట్టుకొని వచ్చాడు. ఆయన కండ్లూ అంత తెల్లగా లేవు. రబ్బరు గొట్టం జబ్బకు కట్టాడు.

"పిడికిలి బిగించు గుర్వమ్మా."

ఆమె బిగించలేదు. "సాబూ, నా రక్తం తీసినంక గీ సూది యాడ పడ్తది?"

"ట్రేల."

"ట్రేలకెల్లి?"

అహ్మద్ అలీ ట్రే వంక చూశాడు.

"సత్తమ్మ చేతిలకు. సత్తమ్మ నోట్లెకు. ఆమెకు చంటిపిల్ల ఉన్నది. నేను చెయ్యి ఇయ్య సాబూ. మందు బకెట్టు తెప్పియ్యిండ్రి, ఇస్త."

"రక్తం చూడందే నీకు వైద్యం ఎలా చేసేది?" అన్నాడు పెద్ద డాక్టరు. "మొండికేస్తే చచ్చిపోతావు."

"ఎట్లయినా పోత సార్. ఇంకోదాన్ని గుంజుకపోను."

డాక్టరు ముఖం ఎర్రబడింది. "సరే. తర్వాతి మంచం" అన్నాడు.

అహ్మద్ అలీ గొట్టం విప్పి ఖాతూన్ దగ్గరికి పోయాడు. ఖాతూన్ చేతులు రెండూ దుప్పటి కింద పెట్టుకుంది.

"బకెట్టు రానియ్యిండ్రి సాబ్" అన్నది.

ఆ తర్వాతి మంచం మీద ఒక లంబాడా ముసలిది. ఆమెకు మా మాట సగమే తెలుస్తుంది. గాజులు నిండిన చెయ్యి కంబళి కిందికి లాక్కుంది. ఆ పక్కది, ఆ పక్కది. చాపల మీదివాళ్లు చేతులు చంకల్లో పెట్టుకున్నారు. ఎవరూ అరవలేదు, ఎవరూ నినాదం ఇవ్వలేదు. వార్డు ఈ కొసనుంచి ఆ కొస దాకా ఒక్క చెయ్యి బయట లేదు.

"ఎవరు నేర్పారు మీకిది?" అన్నాడు డాక్టరు. అహ్మద్ అలీ సాఫుగా ఉన్న సూదిని అట్లాగే ట్రేలో పెట్టి, ట్రేను కిటికీ గట్టు మీద దించి, చేతులు వెనకకు కట్టుకొని నిలబడ్డాడు. "పోనీ మగవాళ్ల వార్డుకు పదండి" అన్నాడు డాక్టరు. సాబు కదలలేదు. మధ్యాహ్నానికి ఆయన్ను డ్యూటీలోంచి తీసేశారు.

సాయంత్రం అమీను వచ్చి గడపలో నిలబడ్డాడు. చెయ్యి చాపని రోగిని ఏ చట్టం కింద లారీ ఎక్కించాలో అతనికి తోచలేదు. పేర్లు రాసుకొని పోయాడు. ఖాతూన్‌ను, ఇంకో ముగ్గురిని మర్నాడే డిశ్చార్జి చేసి బయట కూచోబెట్టారు. జ్వరంతోనే వాళ్లు బండ్లెక్కారు. బకెట్టు రాలేదు.

గుర్వమ్మ మూడో పూట దాటలేదు. చివరిదాకా చేతులు దుప్పటి కిందనే ఉన్నాయి. మట్టి చేయడానికి కడిగేటప్పుడు చూశాం, రెండు పిడికిళ్లూ బిగించుకొని ఉంది. విప్పడానికి పెద్దులవ్వకు చాలాసేపు పట్టింది. ఆమెను తీసుకుపోతుంటే వెనక తొట్టి దగ్గర సత్తమ్మ నిలబడి చూసింది. చేతులు తడిగానే ఉన్నాయి.

రెండు రోజులకు ఆ మంచం మీదికి కొత్త రోగి వచ్చింది. భువనగిరి దిక్కు పిల్ల, గుర్వమ్మ ఎవరో ఎరగదు. అహ్మద్ అలీ జాగాలో పంపించిన కొత్త కాంపౌండరు ఆమె జబ్బకు రబ్బరు గొట్టం కట్టి పిడికిలి బిగించమన్నాడు. పిల్ల బిగించింది.

ఎదుటి మంచం మీదినుంచి లంబాడా ముసలిది లేచి కూచుంది. కంబళిలోంచి చెయ్యి తీయకుండానే, వచ్చీరాని మా మాటలో అన్నది:

"బిడ్డా, బకెట్టు యాడుందో అడుగు ముందు."